కండపుష్టియా, కండబలమా?

వార్ధక్యమున స్త్రీలకు కలుగు దౌర్బల్యమును మనవారు "వయసు మీద పడినది" అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. శాస్త్రజ్ఞులు అంతటితో తృప్తి చెందలేదు. వయసుతో కండ తరుగుటకు 1989లో అమెరికా పండితుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 'సార్కోపీనియా' అని పేరు పెట్టెను. ఆ పేరు మేలే చేసినది. కాని చూపునంతటిని కండ పరిమాణము మీదికే మరల్చినది. ఆ లోపమును విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

కండ ఎంత యున్నదనుట ఒకటి. అది ఎంత పని చేయగలదనుట వేరొకటి. బలమును కండ పరిమాణముచే భాగింపగా వచ్చునదే కండ నాణ్యము. కండలో క్రొవ్వు చేరినను, నాడుల ప్రేరణ సన్నగిల్లినను ఈ నాణ్యము తగ్గును. గుడ్‌పాస్టర్ మున్నగువారు అమెరికాలోని వృద్ధులను మూడేండ్లు పరిశీలించి, కండ కంటె బలము సుమారు మూడు రెట్లు వేగముగా తరుగుచున్నదని 2006లో ప్రకటించిరి.

మరి వ్యాయామ ఫలమెట్టిది? బోస్టనులో ఫియాటరోని బృందము 1994లో ప్రకటించిన పరిశోధనలో సగటున 87 ఏండ్ల వృద్ధులు నూర్గురు పాల్గొనిరి. వారిలో 63 మంది స్త్రీలు. పది వారములు బరువులతో వ్యాయామము చేసినవారి బలము నూటికి 113 వంతులు పెరిగెను; తొడకండ మాత్రము నూటికి 2.7 వంతులే పెరిగెను. అనగా లాభములో అధిక భాగము నాణ్యమునదే.

దీనికి విరుద్ధముగా తోచునది మార్కస్ మున్నగువారి 2013 నాటి పరిశీలన. క్రొవ్వు అధికముగా చేరిన కండల నాణ్యము వ్యాయామముచే అంతగా మెరుగుపడలేదని వారు చెప్పిరి. దీనినిబట్టి "దుర్బలులకు వ్యాయామము వృథా" అని తీర్మానించుట పొరపాటు. నాణ్యము మెరుగుపడలేదనుట బలము పెరుగలేదనుట కాదు. అట్టివారికి మరింత ఓర్పు, మరింత కాలము వలయునని గ్రహించుట ఉచితము.

ఇక మన వెంగల్, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల మాట. చేతిపట్టు 18 కిలోలకు తగ్గిన స్త్రీని దుర్బలగా ఎంచవలెనని ఆసియా పండితుల సంఘము 2019లో నిర్ణయించెను. కుర్చీనుండి ఐదుమార్లు లేచుటయు వారి పరీక్షలలో నొకటి. నేలపైనను, పీటపైనను కూర్చుండి లేచు మన స్త్రీల అవసరమును ఈ కుర్చీ పరీక్ష పూర్తిగా తెలుపజాలదు. నేలనుండి లేచుట అంతకంటె కష్టము గదా!

"పొలమున నాట్లు వేసిన చేతులకు వ్యాయామమెందుకు?" అందురేమో. నాట్లు ఓర్పును పెంచును. కాని ఆ పనిలో బరువు క్రమముగా హెచ్చదు. బలము పెరిగినకొలది బరువును హెచ్చించుటయే ఈ వ్యాయామమునకు ప్రాణము. అరుగుపై కూర్చుండి లేచుట, బిందెలో నీరు వారమువారము కొంచెము హెచ్చించి ఎత్తుట వంటి వానితో దీనిని ఆరంభింపవచ్చును. గుండెజబ్బు, కీళ్లనొప్పి కలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

కావున ఇంటిలోని వృద్ధురాలి చేయి ఎంత సన్నబడినదని కాక, ఆమె పరుల చేయూత లేక లేవగలుగుచున్నదా యని చూడవలెను. ఆమె స్వాతంత్ర్యమునకు అదియే సరియైన కొలమానము.