ముందు కథ చెప్పు, తర్వాత ఆన్సరు రాయి

పదో తరగతి ఇంగ్లిష్ పేపర్లో పాసేజ్ కింద ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు రాయాలంటే పాసేజ్ అర్థం కావాల్సిన పనేం లేదు. నమ్మకం కుదరకపోతే ఈ వాక్యం చదవండి: "డింపుళ్ల టిమ్మక తెల్లారక ముందే లొగటను గిమిరి, బొట్కల మీద ఆరేసింది." ఇక ప్రశ్నలు. లొగటను గిమిరింది ఎవరు? డింపుళ్ల టిమ్మక. ఎప్పుడు గిమిరింది? తెల్లారక ముందే. ఎక్కడ ఆరేసింది? బొట్కల మీద. మూడుకు మూడు మార్కులు వచ్చేశాయి. టిమ్మక అంటే మనిషో పిట్టో మీకు తెలియదు, నాకూ తెలియదు. అర్థం కాని ఆ మాటలన్నీ ఈ కాలమ్ కోసం నేను కల్పించినవే. అర్థం ఒక్క ముక్క లేకపోయినా జవాబులు మాత్రం తప్పు లేకుండా కుదిరాయి.

చివ్వెంలలో సాయంత్రం పూట పదో తరగతి పిల్లల పక్కన కూర్చుని పాసేజ్‌లు చదివించడం నాకు ఇష్టమైన పని. అక్కడ రోజూ కనిపించేది ఇదే. పాసేజ్ చేతికివ్వగానే చూపు సరాసరి ప్రశ్నల మీదికి పోతుంది. ప్రశ్నలో ఒక పేరో, అంకెనో, పొడుగాటి మాటనో పట్టుకుంటారు. వేలు పెట్టి పాసేజ్‌లో ఆ మాట ఎక్కడుందో వెతుకుతారు. దొరికిందంటే అటు ఫుల్‌స్టాప్ నుంచి ఇటు ఫుల్‌స్టాప్ దాకా ఎత్తి రాస్తారు. దొరక్కపోతే "ఏడుంది సార్ ఆన్సరు?" అని అడుగుతారు. "ఇండ్ల ఏం చెప్తున్నరు సార్?" అని అడిగే పిల్లలు తక్కువ.

దీన్ని బద్ధకం అనుకోకూడదు. ఈ పిల్లలు తెలివైన వాళ్లు. స్లిప్ టెస్టు నుంచి ప్రీ ఫైనల్ దాకా ఆ పద్ధతిలో మార్కులు పడుతున్నాయి గనుక దాన్నే పట్టుకున్నారు. గైడు అదే నేర్పుతుంది. పాస్ పర్సెంటేజీ కోసం పైనుంచి ఒత్తిడి ఉన్న టీచరు కూడా వెనకబడిన పిల్లల్ని 35 మార్కుల గట్టు దాటించడానికి అదే చెప్పాల్సి వస్తుంది. ఆ టీచర్ల కష్టం నాకు తెలుసు. కానీ ఎత్తి రాసే అలవాటు పిల్లల్ని ఎంత దూరం తీసుకుపోతుందో మనం ఆలోచించాలి.

ఎక్కువ దూరం తీసుకుపోదు. పేపర్లోనే "ఎందుకు", "నువ్వైతే ఏం చేస్తావు" అనే ప్రశ్నలు వస్తాయి. వాటి జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ కూర్చుని ఉండదు. పైగా ఇప్పుడు ఇది ఒక్క ఇంగ్లిష్ పీరియడ్ సంగతి కాదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పదికి చేరింది. భౌతికశాస్త్రంలో లెన్సు పాఠమైనా, సోషల్‌లో బడ్జెట్ పాఠమైనా మన పిల్లలకు ఇప్పుడు ఇంగ్లిష్ పాసేజే. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోలేని బిడ్డ ఒక సబ్జెక్టులో కాదు, అన్నింట్లోనూ వెనకబడుతుంది.

చదవడం వేరు, చదివింది తెలియడం వేరు అని సర్వే లెక్కలు కూడా చెబుతున్నాయి. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో చేసిన అసర్ సర్వేలో ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. ఆ చదివినవాళ్లలో అర్థం కూడా చెప్పగలిగింది 73.5 శాతం. అంటే గొంతెత్తి తప్పు లేకుండా చదివే ప్రతి నలుగురిలో ఒకరికి తాను చదివింది ఏమిటో తెలియదు. అవి కూడా చిన్న చిన్న వాక్యాలు. పదిహేను లైన్ల పాసేజ్ దగ్గర ఆ తేడా ఇంకెంత పెరుగుతుందో బడిలో పనిచేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంట్లో మాట్లాడని భాషలో చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో ఇక్కడి బడుల్లో పైచదువు ఉర్దూలో సాగింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పింది. మన తాతలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఉర్దూలో పరీక్ష రాశారు. ఇప్పుడు మనవలు, మనవరాళ్లు ఇంగ్లిష్‌లో రాస్తున్నారు. చివ్వెంల మండలంలోని తండాల నుంచి వచ్చే పిల్లలకైతే తెలుగు కూడా బడిలో నేర్చుకున్నదే. ఇంట్లో లంబాడీ, బడి ఆవరణలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మూడు భాషలు మోస్తున్న బిడ్డను "క్లాసులో తెలుగు మాట్లాడొద్దు" అని గద్దిస్తే అర్థం చేసుకోవడానికి ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటే. పాసేజ్ చదివాక ప్రశ్నలు మూసిపెట్టి, అందులో ఏం జరిగిందో పక్కనున్న స్నేహితురాలికి సొంత మాటల్లో చెప్పాలి. తెలుగులో చెప్పినా సరే, లంబాడీలో చెప్పినా సరే. చెప్పడం అయ్యాకే ప్రశ్నల దగ్గరికి పోవాలి.

దీనివల్ల ఏం తేలుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. బోరు ఎండిపోయిన రైతు మీద చిన్న పాసేజ్ ఇచ్చాను. అందులో ఒక వాక్యం: "ద ఫార్మర్ వాజ్ గివెన్ వాటర్ బై హిజ్ నైబర్." రైతుకు ఏం ఇచ్చారు అనేది ప్రశ్న. అందరూ "వాటర్" అని రాశారు, అందరికీ మార్కు పడింది. కథ చెప్పమన్నప్పుడు ఒక అమ్మాయి, "రైతు పక్కాయనకు నీళ్లిచ్చిండు" అంది.

"కాదే, పక్కాయనే ఇచ్చిండు" అంది రెండో అమ్మాయి.

"ముందు రైతు అనే ఉంది గదా?"

"మరి ఈ బై ఎందుకున్నట్టు? బోరు ఎండిందే రైతుది. ఎండినోడు ఎట్లిస్తడు?"

మొదటి అమ్మాయి మళ్లీ పాసేజ్‌లోకి తొంగి చూసింది. మొదటి లైన్ నుంచి చదివింది. "అవునే, పక్కాయనే" అని తనే దిద్దుకుంది. నేను నోరు విప్పలేదు. మార్కు పడిన జవాబు వెనక కథ తలకిందులుగా ఉందని జవాబు పత్రం ఎప్పటికీ చెప్పదు. చెప్పుకోవడం వల్లే అది బయటపడింది, చెప్పుకోవడం వల్లే సరయింది కూడా.

ఇలా విన్నప్పుడు పిల్లలు ఎక్కడ తడబడతారో కూడా తెలుస్తుంది. అందరూ అనుకున్నట్టు తెలియని మాటల దగ్గరే తడబడరు. మాటలన్నీ తెలిసిన వాక్యం దగ్గర కూడా ఆగిపోతారు. "ద డాగ్ దట్ బిట్ ద బాయ్ ర్యాన్ అవే" అని ఉంటే, పారిపోయింది ఎవరంటే చాలామంది పిల్లవాడే అంటారు. "ర్యాన్" పక్కనే "బాయ్" ఉంది మరి. మన భాషలో "పిల్లవాణ్ని కరిచిన కుక్క పారిపోయింది" అంటాం. కుక్క తన క్రియ పక్కనే ఉంటుంది, తికమక ఉండదు. రెండు భాషల నడకలో ఉన్న ఈ తేడాను ఒక్కసారి బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే పిల్లలు జీవితంలో మరిచిపోరు. అలాగే హీ, షీ, ఇట్, దె, దిస్ అనే చిన్న మాటలు. తెలుగులో "వచ్చింది", "వచ్చారు" అంటే చాలు, చాలాసార్లు ఆమె, వాళ్లు అని వేరే చెప్పం. ఇంగ్లిష్‌లో అవి లేకుండా వాక్యం నడవదు. ఆ మాట ఎవర్ని చూపిస్తోందో పెన్సిల్‌తో బాణం గీయమంటాను. బాణాలు సరిగ్గా పడిన పాసేజ్ సగం అర్థమైనట్టే.

అన్నిటికన్నా బలమైన సాయం మాత్రం పిల్లలకు ముందే తెలిసిన సంగతి నుంచి వస్తుంది. అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో ఒక ప్రయోగం ప్రచురించారు. 64 మంది హైస్కూలు కింది తరగతుల పిల్లలకు ఒక బేస్‌బాల్ ఆట గురించి పాసేజ్ ఇచ్చారు. చదవడంలో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లల కన్నా కథ బాగా చెప్పగలిగారు. పాసేజ్ దేని గురించో తెలియడం అంత పని చేస్తుంది.

మన దగ్గర బేస్‌బాల్ లేదు, పెద్దగట్టు ఉంది. దురాజ్‌పల్లి గట్టు మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే లింగమంతుల స్వామి జాతర గురించి ఇంగ్లిష్‌లో పది లైన్లు రాసి ఇచ్చాను. కేసారం నుంచి దేవరపెట్టె రావడం, గజ్జెల లాగులు, భేరీల మోత, ఓ లింగా అనే కేక, హైవే మీద బండ్ల దారి మళ్లించడం, అన్నీ పెట్టాను. అందులో పిల్లలు ఎన్నడూ చూడని ఇంగ్లిష్ మాటలు ఉన్నాయి. ఎవరూ ఆగలేదు. "డైవర్టెడ్" దగ్గర ఏమంటారో చూద్దామని అడిగాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు, "జాతరప్పుడు హైవే బంద్ పెడతరు గదా సార్, బండ్లు వేరే తొవ్వల పంపుతరు" అన్నాడు. డిక్షనరీ చూసినా అంతకన్నా మంచి అర్థం దొరకదు.

అయితే పరీక్షలో పెద్దగట్టు రాదు. ఏ మంచుఖండమో, ఏ శాస్త్రవేత్త జీవితమో వస్తుంది. అందుకే పిల్లలకు ప్రపంచం తెలియాలి, అది తెలుగులో తెలిసినా చాలు. రోజూ తెలుగు పేపరు చదివే పిల్లకు తిమింగలం గురించి, ఎన్నికల గురించి, ఉపగ్రహం గురించి ఎంతో కొంత ముందే తెలిసి ఉంటుంది. ఇంగ్లిష్ పాసేజ్‌లో అవి ఎదురైతే బెదరదు. పదో తరగతి రాగానే "పేపరు చదువుడు బంద్ చెయ్, ఇంగ్లిష్ మీద దృష్టి పెట్టు" అనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. ఇంట్లో తెలుగు చదవడాన్ని ఆపకండి, అది ఇంగ్లిష్ పరీక్షకు కూడా పనికొస్తుంది.

పాఠ్యపుస్తకంలోనే ఇందుకు చక్కటి చోటు ఒకటి ఉంది. పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథ ఇంగ్లిష్‌లో ఉంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ అది. సర్టిఫికెట్ల మీద పేరుంటుందని ఆమె పుట్టింటికి పోతుంది. ఆమె అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చింది అని అడిగితే, పేరు మరిచిపోయింది గనుక అని అందరూ రాస్తారు. అక్కడితో ఆపకుండా, మీ వాడలో మీ అమ్మను ఏమని పిలుస్తారని అడిగాను. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాడి అమ్మ, ఇదిగో, ఏమేవ్. పేరు పెట్టి పిలుస్తారని చెప్పినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ తర్వాత పుస్తకం తెరిస్తే ఆ కథ వాళ్లకు తమ ఇంటి కథ అయింది. ఒక అమ్మాయి తప్పుల ఇంగ్లిష్‌లోనే అయినా తన సొంత వాక్యం రాసింది: ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఊళ్లో లేరు, అందుకే కాగితం కోసం పోయింది. ఆ ఒక్క వాక్యం గైడులో నుంచి ఎత్తి రాసిన పేజీ కన్నా గొప్పది.

మాటల సంగతీ చెప్పాలి. ఎవరి సాయం లేకుండా ఒక పాసేజ్ హాయిగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పండితులు తేల్చారు. అంటే 150 మాటల పాసేజ్‌లో తెలియనివి మూడుకు మించకూడదు. మన పిల్లలకు పరీక్ష పాసేజ్‌లో అంతకు ఎన్నో రెట్లు తెలియని మాటలు ఉంటాయి. కష్టమైన పాసేజ్‌లే మళ్లీ మళ్లీ ఇస్తే ఆ లోటు తీరదు. తేలికైనవి ఎక్కువ చదివితేనే తీరుతుంది. దానికి కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. చెల్లెలి దగ్గరున్న ద్విభాషా పాఠ్యపుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటాయి. ఏడో తరగతి సైన్స్ పాఠం ముందు తెలుగు పేజీలో చదివి, తర్వాత ఎదుటి పేజీ ఇంగ్లిష్‌లో చదివితే మంచి అభ్యాసం. కింది తరగతి పుస్తకం చదవడానికి పదో తరగతి పిల్లలు సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టే బాధ్యత పెద్దవాళ్లది.

పరీక్ష హాల్లో కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. 80 మార్కుల పేపరుకు 3 గంటలు ఉంటాయి, తొందర అక్కర్లేదు. ముందు పాసేజ్ మొత్తం ఒకసారి చదవాలి. కళ్లు మూసుకుని ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అని మనసులో తెలుగులో చెప్పుకోవాలి. చెప్పుకోవడం ఎక్కడ ఆగిపోయిందో ఆ వాక్యం దగ్గరికి మళ్లీ పోవాలి. ఆ తర్వాతే ప్రశ్నలు. ఇలా అలవాటైన పిల్లలు ఎత్తి రాసేవాళ్ల కన్నా ఆలస్యంగా మొదలుపెడతారు గానీ జవాబు కోసం పాసేజ్ అంతా మళ్లీ మళ్లీ తిరగరు.

సంక్రాంతి సెలవులు అయిపోగానే స్పెషల్ క్లాసులు జోరందుకుంటాయి. ఒక్క సాయంత్రంలో నాలుగు పాసేజ్‌లు చేయించామని లెక్క చూపించడం తేలిక. టీచర్లను, ట్యూషన్ చెప్పే అన్నలను, అక్కలను నేను కోరేది ఇది. నాలుగు వద్దు, ఒక్కటే చేయించండి. అరగంట ఇవ్వండి. పిల్లలు దాన్ని తమ భాషలో చెప్పనివ్వండి, ఒకరితో ఒకరు వాదించుకోనివ్వండి, తప్పు చెప్తే వాళ్లే దిద్దుకునేదాకా ఆగండి. ఇంట్లో ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు కూడా ఈ పని చేయగలరు. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇయ్యాల ఇంగ్లిష్‌ల ఏం చదివినవ్ బిడ్డా, నాకు చెప్పు" అని అడిగితే చాలు. బిడ్డ చెప్పగలిగితే పాసేజ్ వచ్చినట్టే. చెప్పలేకపోతే, నోట్‌బుక్‌లో ఎన్ని రైట్ మార్కులున్నా, మర్నాడు ఆ పాసేజ్ దగ్గరికే మళ్లీ పోవాలి.