ముక్తేశ్వరం రేవు దాటించే ముందు

కోనసీమలో 1930ల నాటి ప్రేమకథ రాయాలంటే ముందు తేల్చుకోవాల్సింది రేవు సంగతి. కాకినాడలో చదివే కుర్రాడు అమలాపురం ఎలా వస్తాడు? కోటిపల్లి దాకా రైల్లో, అక్కడ గౌతమి దాటి ముక్తేశ్వరానికి పడవలో. ఆ రైలు 1928లో వచ్చింది. 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు పీకేశారు. 1941లో వాణ్ణి రైలెక్కించారో, కథ అక్కడే చెడింది. ఇలాంటి ఒక్క వాక్యం సరిచూసుకోవడానికి పూటంతా వెచ్చించే రచయితలంటే నాకు ఎనలేని గౌరవం.

పెళ్ళి ఘట్టానికి ఇంకా ఓపిక కావాలి. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అయినా ఈడురాని పిల్లలకు పెళ్ళి చేయదలచినవాళ్ళు ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం వెళ్ళేవారు. చట్టం ఆ పొలిమేర దగ్గరే ఆగిపోయేది. నాన్న పడవ మాట్లాడి వచ్చాడని తెలిసిన పిల్ల రాత్రంతా ఎందుకు నిద్రపోలేదో, ఈ సంగతి తెలిసిన రచయిత్రే రాయగలదు.

తేదీలు, చట్టాలు పుస్తకాల్లో దొరుకుతాయి. హెమింగ్వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు ఉంది, పాత ఆంధ్రపత్రిక సంచికలున్నాయి. పత్రికలో వార్తలకన్నా ప్రకటనలే నాకు విలువైనవిగా తోస్తాయి. జనం ఏం కొన్నారో, దేనికి మురిసిపోయారో అక్కడ తెలుస్తుంది. వంటింటి సంగతులు మాత్రం రాజోలు, కొత్తపేట అమ్మమ్మల్నే అడగాలి.

ఇంతా సేకరించి, మంచి రచయిత్రి చాలావరకు పక్కన పెట్టేస్తుంది. అణాల లెక్క 1957 దాకా నడిచిందని పాఠం చెప్పదు. సరంగు చేతిలో అణా పెట్టించి కథ నడిపిస్తుంది.