పేషీకి పోయే తొవ్వ

ఖైదీ, ములాఖత్, పేషీ, జమానత్, వకీలు. తెలుగులో జైలు గురించి మాట్లాడాలంటే మా ఉర్దూ మాటలు కావాలి. కానీ తెలుగు జైలు సాహిత్యంలో మా మనిషి ఎక్కడ? దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యాలను తలుచుకుంటాం. రాజకీయ ఖైదీల లేఖలు చదువుకుంటాం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో మామూలు ఖైదీల వైపు చూశాడు, ఆయన చలవ. శిక్ష పడకుండానే జైల్లో మగ్గే రిమాండు ఖైదీ మాత్రం మన కథకులకు ఆనలేదు. వాడి దగ్గర త్యాగం లేదు, తీర్పు లేదు. ఉన్నవి వాయిదాలే.

2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూలగొట్టారు. ఆ జాగలో పెద్దాసుపత్రి అన్నారు. ఆసుపత్రి ఎవరికి చేదు? కానీ కొత్త జైలు కట్టకముందే పాతది పడగొట్టి, తొమ్మిది వందలకు పైగా ఖైదీలను చర్లపల్లి, ఖమ్మం వంటి జైళ్లకు పంచారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో రిమాండయినవాళ్లకు దగ్గరి పెద్ద జైలు లేకుండా పోయింది. సబ్‌జైళ్లు ఎందరిని పట్టుకుంటాయి? అధికార్లు చోటు లెక్క చెప్తారు. 2022 గణాంకాల్లో తెలంగాణ జైళ్లన్నీ కలిపితే సామర్థ్యం లోపలే ఉన్నాయి. నిజమే. కానీ భూపాలపల్లి నుంచి ఖమ్మం 150 కిలోమీటర్ల పైనే. ములాఖత్‌కు పోవాలంటే తల్లికి ఆనాటి కూలీ పాయె, బస్సు కిరాయి పాయె. ఖాళీ బ్యారక్ ఇంకో జిల్లాలో ఉంటే ఆమెకేం ఒరిగింది?

దూరం ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది. 2015 ఏప్రిల్ 7న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు పేషీకి తీసుకుపోతూ, ఆలేరు దగ్గర ఎస్కార్టు పోలీసులు వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకులు గుంజుకోబోయారన్నారు. బేడీలున్న చేతుల ఫోటోలు లోకమంతా చూసింది. వాళ్ల మీది కేసులు చిన్నవని నేననను. తీర్పు చెప్పాల్సింది జడ్జి కదా.

2022 చివరికి దేశంలో ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణలో ఉన్నవాళ్లే. వాళ్లలో దాదాపు ఐదో వంతు ముస్లింలు. 2011 జనాభా లెక్కల్లో మేం 14 శాతం. మిగతా చాపల మీద ఎక్కువగా ఉన్నది దళితులు, ఆదివాసులు, వెనకబడ్డ కులాలవాళ్లు. సత్వర విచారణ హక్కన్న 1979 సుప్రీంకోర్టు తీర్పు హుస్సేనారా ఖాతూన్ పేరు మీదే ఉంది. వకీళ్లకు ఆ పేరు కంఠతా వచ్చు. మన విమర్శకుల్లో ఎందరికి తెలుసు?

దూరమైతేనేం, వీడియోలో పేషీ చేస్తున్నాం కదా అంటారిప్పుడు. పేషీ రోజున కోర్టు వరండాలో నిలబడి కొడుకు మొహం చూసుకునేది ఆ తల్లి. తెర ముందు ఆమెకు చోటేదీ?