పోస్టర్ చెప్పని చట్టం

నేను తరచూ వెళ్లే ఒక సంక్షేమ హాస్టల్ గోడ మీద ఆత్మహత్యల నివారణ పోస్టర్ ఉంది. "జీవితం విలువైనది, మాట్లాడండి" అని రాసి, కింద టెలి మానస్ నంబరు 14416 వేశారు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి పిల్లవాడికీ తెలియాలి. పోస్టర్ అక్కడితో ఆగిపోవడమే నా అభ్యంతరం.

నాకు తెలిసిన ఒక తల్లి, కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్లడానికి చాలాసేపు వెనకాడింది. "పోలీసు కేసవుతుందని భయపడ్డానన్నా" అంది తర్వాత. పిల్లవాడు బతికాడు. కానీ డాక్టరు దగ్గర పొరపాటున జరిగిందని చెప్పారు. దాంతో అతని మనసు సంగతి ఎవరూ అడగలేదు.

ఆ భయం ఊరికే రాలేదు. పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నానికి ఏడాది వరకు జైలుశిక్ష విధించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ దాన్ని మార్చింది. అలా ప్రయత్నించిన మనిషి, వేరుగా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రం 226వ సెక్షన్ నేరంగా ఉంచింది. ఇందులో ఒక్క ముక్క కూడా పోస్టర్‌లో లేదు.

రెండో లోపం ఇంకా పెద్దది. "మాట్లాడండి" అనే మాట భారమంతా బాధపడేవాడి మీదే వేస్తుంది. రోహిత్ వేముల, తోటి విద్యార్థులు నలుగురు నోరు తెరిచి మాట్లాడినవారే. యూనివర్సిటీ వారిని హాస్టల్ నుంచి బయటికి పంపింది. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు. ఏ మరణానికీ ఒకే కారణం ఉండదు. అయినా అవమానించే సంస్థ, గోడ మీద నంబరు అంటించి తన పని అయిపోయిందనుకోకూడదు. దుఃఖానికి కారణం వెతకమన్న ధమ్మం మనది.

కాబట్టి మన విహారాల్లో, హాస్టళ్లలో ఆ నంబరు కింద మరో రెండు వాక్యాలు రాద్దాం: "ఆసుపత్రికి వెంటనే రండి, నిజం చెప్పండి, చట్టం మీకు చికిత్స ఇమ్మంటోంది. ఎవరైనా కులం పేరుతో అవమానిస్తే ఫిర్యాదు చేయండి, మీ వెంట మేం వస్తాం." రెండో వాక్యం రాసినవాళ్లు వెంట వెళ్లాలి కూడా.