తీగ ఆగిన చోట

గుండె రక్తనాళాలను పరీక్షించే క్యాథ్‌ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చే డాక్టర్లకు నేను మొదట చెప్పేది ఒకటే: తీగ ఆగితే నువ్వూ ఆగు.

యాంజియోగ్రామ్ కోసం మణికట్టు దగ్గర చిన్న మత్తు సూది వేసి, నాడి కొట్టుకునే చోట ధమనిలోకి సూది దించుతాం. అందులోంచి సన్నని తీగ, తీగ మీదుగా సుమారు 2 మిల్లీమీటర్ల మందమున్న క్యాథెటర్ అనే గొట్టం గుండె దాకా వెళతాయి. మనిషి మెలకువగానే ఉంటాడు. ఒక్కోసారి చేతిలో ధమని బిగుసుకుంటుంది. తీగ కదలదు, నొప్పి మొదలవుతుంది. అప్పుడు బలవంతంగా తోస్తే ధమని చిరగవచ్చు. చెయ్యి ఆపి, మందిచ్చి, "భయం లేదు పెద్దాయనా, చెయ్యి వదులుగా పెట్టండి" అంటే చాలాసార్లు దారి దొరుకుతుంది. మందు ఎంతో ఆ మాటా అంతే.

గుండె రక్తనాళం మొదట్లోకి క్యాథెటర్ చేరాక కళ్లు తెర మీది ప్రెషర్ గీత మీద ఉండాలి. అది ఉన్నట్టుండి పడిపోయిందంటే కొన నాళాన్ని మూసేసినట్టే. ఆ క్షణంలో డై ఎక్కించకూడదు, వెనక్కి లాగాలి. గీత బాగుంటేనే డై, అప్పుడే ఎక్స్‌రేలో నాళాలు కొమ్మలు కొమ్మలుగా కనబడతాయి.

ఈ విద్యకు దారి వేసింది మాత్రం ఆగమంటే ఆగని మనిషి. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు, పైవాళ్లు వద్దన్నా, తన చేతి సిరలోంచి గుండె దాకా గొట్టం పంపుకుని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ ప్రమాదం ఆయన తన ఒంటి మీదికే తెచ్చుకున్నాడు. మన చేతికింద ఉన్నది ఇంకొకరి ఒళ్లు.

అందుకే బ్లాకు కనబడ్డాక కూడా ఆగడం నేర్చుకోవాలంటాను. గుండెపోటు వచ్చి ఉంటే నిమిషం వృథా చేయకూడదు, వెంటనే నాళం తెరవాలి. కానీ నిలకడగా ఉన్న జబ్బులో, ఎడమ ప్రధాన నాళం బాగుంటే, మందులకన్నా స్టెంట్ ప్రాణాన్ని ఎక్కువగా కాపాడుతుందని 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో తేలలేదు. ఆయాసం, ఛాతీ నొప్పి తగ్గడానికి స్టెంట్ ఉపయోగపడుతుంది, అది వేరే లెక్క. బల్ల మీద మనిషి పడుకుని ఉండగా, బయట కొడుకు చేతిలో కాగితం పెట్టి స్టెంట్‌కు సంతకం అడగడం నాకు నచ్చదు.

మీ ఇంట్లో ఎవరికైనా యాంజియోగ్రామ్ అయితే, అది గుండెపోటు కాకపోతే, ఆ పరీక్ష సీడీ తీసుకోండి. ఒక రాత్రి ఆలోచించుకోండి. ఇంకో డాక్టరుకు చూపించండి.