ఒళ్ళు చూసి చెప్పాలి

నల్ల రెక్కల మీద తెల్ల పట్టీలు, ఎర్ర చుక్కలు ఉన్న సీతాకోకచిలుక ఎదురైతే నేను ముందు దాని ఒళ్ళు చూస్తాను. ఒళ్ళు ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజ్. నల్లగా ఉంటే పగటివేషం కట్టిన కామన్ మార్మన్ ఆడది. ముందు రెక్కల తెల్ల పట్టీలు, వెనక రెక్కల ఎర్ర చుక్కలు రెండింటికీ దాదాపు ఒకటే.

క్రిమ్సన్ రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోట కరుచుకున్న పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. మార్మన్ పెరిగేది మన పెరటి కరివేపాకు మీద, నిమ్మ మొక్క మీద. అది తినేది విషమేమీ లేని ఆకు, కాబట్టి పిట్టలకు అది ఇష్టమైన తిండే. వేషం అందుకే. అయినా ఆడవన్నీ ఇదే వేషం కట్టవు. కొన్ని కామన్ రోజ్ అనే మరో జాతిలా ఉంటాయి, కొన్ని అచ్చం మగవాటిలాగే తెల్లచుక్కల వరుసతో తిరుగుతాయి. నకిలీలు మరీ ఎక్కువైతే పిట్టలకు భయం పోతుంది. వేషం పనిచేయాలంటే అసలువి చుట్టుపక్కల తగినన్ని ఉండాలి.

ఇన్ని రూపాలూ ఒకే జాతివని ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1865లోనే రాశాడు. ఇంగ్లండ్‌లో క్లార్క్, షెపర్డ్ అనే పరిశోధకులు వీటిని తరాల తరబడి పెంచి, జత కట్టించి, రూపాల తేడా అంతా క్రోమోజోమ్‌లో ఒకేచోట ఉందని 1972లో చూపారు. పట్టీకొకటి, చుక్కకొకటి చొప్పున జన్యువులు పక్కపక్కనే గుంపుగా అతుక్కుని ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. నాకూ అదే సబబుగా తోచేది. 2014లో కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు తేల్చింది వేరు. ఆ చోట పనిచేస్తున్నది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు. పురుగుల్లో ఒళ్ళు ఆడదిగానో మగదిగానో రూపుదిద్దుకునేలా చూసే పాత జన్యువే అది! వేషం ఆడవాటికే ఎందుకు పరిమితమో అడిగేవారికి ఇక్కడ సగం జవాబు దొరుకుతుంది. వేషం కట్టించే రకంలో ఆ జన్యువున్న క్రోమోజోమ్ ముక్క తలకిందులుగా తిరిగి అతుక్కుని ఉంది. అందువల్ల తరం మారినా మామూలు రకంతో కలగాపులగం కాదు, సగం సగం వేషాలు పుట్టవు. మరుసటి ఏడాది జపాన్ పరిశోధకులు ఎదుగుతున్న వెనక రెక్కలో ఈ జన్యువు పనిని అణచి చూశారు. అక్కడ వేషం చెదిరి, మామూలు తెల్లచుక్కల తీరు బయటపడింది. నన్నడిగితే ఈ కథలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

మగవాటి రెక్కలు ఎప్పుడూ ఒకే తీరు. కానీ వేషం కట్టించే రకం జన్యువు వాటి దగ్గరా ఉండొచ్చు, బయటికి కనిపించదంతే. కూతుళ్ళకు అందితే వాటి రెక్కల మీద బయటపడుతుంది. నా నోట్‌బుక్‌లో ఆడవాటికి రూపాన్ని బట్టి మూడు గడులున్నాయి. మగవాటికి ఒకే గడి. వాటిలో ఏది ఏ వేషాన్ని మోస్తోందో ఎంత మంచి కెమెరా పట్టుకున్నా తేలదు. జన్యు పరీక్ష లేకుండా తేలాలంటే జత కట్టించి, గుడ్లు పెట్టించి, కూతుళ్ళు రెక్కలు విప్పేదాకా కరివేపాకు కోసి పెడుతూ ఉండాల్సిందే.