పిండి అంటిన వేళ్ళు

'గాడ్‌ఫాదర్' మూడో భాగంలో (1990) వినోనా రైడర్ తప్పుకుంటే, దర్శకుడు కొపోలా కూతురు సోఫియాని మేరీగా దింపాడు. నటన రాదని విమర్శకులు దుమ్మెత్తిపోశారు. కావచ్చు. కానీ నాకు ఆ వంటింటి సీను మరుపు రాదు.

న్యోకీ అంటే ఉడికిన బంగాళాదుంప, మైదా కలిపి చేసే ఇటలీ వంట. చిన్న ముద్దని వేలితో నొక్కి దొర్లించాలి. విన్సెంట్ ఆమె వేళ్ళమీద తన వేళ్ళుంచి నేర్పుతాడు. ఆ పిల్లకి చెయ్యి తిరగలేదు. చెయ్యి తిరిగిన నటి అయితే ఆ తడబాటు అబద్ధమయ్యేది కదూ!

పైగా అతను పెదనాన్న కొడుకు. మన వరసలో అన్న! గుండె గుబేలుమంటుంది. ఇక న్యోకీ ఉడికిందా, సాసు చిక్కబడిందా అన్నది ఎవరిక్కావాలి?

చివర్లో తండ్రికని పేల్చిన గుండు తగిలి, ఒపేరా మెట్లమీద మేరీ కూలిపోతుంది. అప్పుడు నా కళ్ళముందు మెదిలినవి ఆ పిండి వేళ్ళే. నటన రాదంటారా? మీ ఇష్టం.